గదితో వచ్చే టిఫిన్ లాభమా, నష్టమా? బస్తర్ ప్రయాణంలో ఒక పోషకాహార లెక్క

విశాఖపట్నం నుంచి కిరండోల్ వెళ్లే రైలు అరకు కొండలు ఎక్కి, ఒడిశాలోని కోరాపుట్, జైపూర్ దాటి జగదల్‌పూర్ చేరుతుంది. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారికి కుంట, సుక్మా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి ఉంది. చిత్రకోట్ జలపాతం, తీరథ్‌గఢ్ జలపాతం, కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహ చూడటానికి తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారిలో చాలామంది జగదల్‌పూర్‌లోనే రాత్రి బస చేస్తారు. గది తీసుకునేటప్పుడు వారికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: "టిఫిన్‌తో కలిపి కావాలా, గది ఒక్కటే చాలా?"

చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ దీనికి సరైన జవాబు చెప్పాలంటే కొంచెం లెక్క, కొంచెం పోషకాహార శాస్త్రం, మనసు డబ్బు గురించి ఆలోచించే తీరు మీద కొంచెం అవగాహన కావాలి. నలుగురున్న కుటుంబానికి మూడు రోజుల ప్రయాణంలో ఈ ఒక్క నిర్ణయం వెయ్యి రూపాయలకు పైగా తేడా తెస్తుంది. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవారుంటే డబ్బుకన్నా పెద్ద తేడాయే రావచ్చు.

ముందుగా ఒక మాట. తెలుగులో "హోటల్" అంటే బస చేసే చోటూ కావచ్చు, ఇడ్లీ తినే చోటూ కావచ్చు. ఈ వ్యాసంలో హోటల్ అంటే బస చేసే చోటే. రోడ్డు పక్కన టిఫిన్ అమ్మేదాన్ని టిఫిన్ బండి అందాం.

టిఫిన్ అసలు ధర ఎంత?

"టిఫిన్ ఉచితం" అని రాసి ఉన్నంత మాత్రాన అది ఉచితం కాదు. దాని ధర గది అద్దెలో కలిసి ఉంటుంది. దాన్ని బయటికి తీయడం కష్టమేమీ కాదు. హోటళ్ల భాషలో గది మాత్రమే ఇచ్చే పద్ధతిని ఈపీ అంటారు, అంటే యూరోపియన్ ప్లాన్. గదితో పాటు ఉదయం టిఫిన్ ఇచ్చేది సీపీ, అంటే కాంటినెంటల్ ప్లాన్. ఒకే గదికి, ఒకే తేదీకి రెండు ధరలూ అడగండి. పన్నులు కలిపిన మొత్తంలోంచి మొత్తాన్ని తీసివేస్తే మిగిలేదే టిఫిన్ ధర. దాన్ని తినేవారి సంఖ్యతో భాగిస్తే తలకు ఎంత పడుతుందో తెలుస్తుంది.

లెక్క కోసం ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల బాబు, మధుమేహం ఉన్న నాయనమ్మ. నలుగురికి సరిపోయే గది టిఫిన్ లేకుండా 3,000 రూపాయలు, టిఫిన్‌తో 3,800 అనుకుందాం. తేడా 800, అంటే తలకు 200. అదే టిఫిన్ బండి దగ్గర పెద్దలిద్దరికీ 80 రూపాయల చొప్పున 160, నాయనమ్మకు 50, బాబుకు 60 అవుతాయి. ఆటోలో వెళ్లి రావడానికి 100. మొత్తం 370. ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే. మీరు వెళ్లినప్పుడు అక్కడి ధరలు వేసుకోండి, పద్ధతి మారదు.

800కు, 370కి తేడా 430 రూపాయలు. ఈ 430 పెట్టి మనం కొంటున్నదేమిటి? ఎక్కువ తిండా, మంచి తిండా, సమయమా, భద్రతా? ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం.

రెండు ప్లేట్ల లెక్క

మనం తినే వంటకాల్లో శక్తి ఎంత ఉంటుందో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలుగా ఇచ్చింది. వాటి ప్రకారం సుమారుగా రెండు ఇడ్లీల్లో 150, ఒక కప్పు అటుకుల ఉప్మాలో 270, రెండు బ్రెడ్ ముక్కల్లో 170, ఉడికించిన గుడ్డులో 90, పాలు, చక్కెర వేసిన కప్పు టీలో 75 కిలోక్యాలరీలు ఉంటాయి. జగదల్‌పూర్‌లో పోహా అని పిలిచేది మన అటుకుల ఉప్మానే.

భర్త హోటల్ బఫేలో అన్నీ కొంచెం కొంచెం పెట్టుకున్నాడనుకుందాం. రెండు ఇడ్లీలు, కప్పు పోహా, వెన్న, జామ్ రాసిన రెండు బ్రెడ్ ముక్కలు, ఒక గుడ్డు, ఒక అరటిపండు, టీ. వెన్న, జామ్ కలిపి 130, అరటిపండు 95 వేసుకుంటే మొత్తం సుమారు 980 కిలోక్యాలరీలు. ప్రొటీన్ దాదాపు 24 గ్రాములు.

అదే మనిషి బండి దగ్గర నాలుగు ఇడ్లీలు, సాంబారు, చట్నీ, టీ తీసుకుంటే సుమారు 450 కిలోక్యాలరీలు, 13 గ్రాముల ప్రొటీన్.

ఇప్పుడు ధరను శక్తితో భాగిద్దాం. హోటల్‌లో 200 రూపాయలకు 980 కిలోక్యాలరీలు. అంటే ప్రతి 100 కిలోక్యాలరీలకు 20 రూపాయల పైచిలుకు. బండి దగ్గర 80 రూపాయలకు 450. అంటే ప్రతి 100కి సుమారు 18 రూపాయలు. కడుపు నిండా తిన్నా హోటల్ టిఫిన్ బండిని దాటలేకపోయింది. బండితో సమానం కావాలంటే ఆయన దాదాపు 1,125 కిలోక్యాలరీలు తినాలి.

ఆ అంకె ఎంత పెద్దదో చూడండి. 2020లో భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన సిఫార్సుల ప్రకారం, ఎక్కువగా కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషుడికి రోజు మొత్తానికి కావలసింది 2,110 కిలోక్యాలరీలు. 55 కిలోల స్త్రీకి 1,660. పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి ఆయన రోజు తిండిలో సగానికి పైగా ఉదయమే తినాలి. అదే 1,125 ఆయన భార్య తింటే రోజు అవసరంలో మూడింట రెండు వంతులు అయిపోతుంది.

నాయనమ్మ సంగతి? రెండు ఇడ్లీలు, టీ తీసుకుంటే 225 కిలోక్యాలరీలు. ఆమెకు ప్రతి 100 కిలోక్యాలరీలకు దాదాపు 89 రూపాయలు పడుతున్నాయి. ఒకే బఫే, ఒకే ధర, కానీ ఒక్కొక్కరికీ విలువ వేరు. కాబట్టి "హోటల్ టిఫిన్ గిట్టుతుందా?" అని అడిగితే సరిపోదు, "ఎవరికి?" అని కూడా అడగాలి.

భాగించాల్సింది దేనితో?

పైన వేసిన లెక్కలో ఒక లోపం ఉంది, గమనించారా? ఎక్కువ తింటే టిఫిన్ చవకైనట్టు కనిపిస్తుంది. 980 తిన్నవాడికి 100కి 20 రూపాయలు, 1,500 తిన్నవాడికి 13 రూపాయలే. కానీ శరీరానికి అక్కర్లేని క్యాలరీలకు విలువ ఏముంది? బట్టల దుకాణంలో మన కొలతకు రెండింతలున్న చొక్కా అదే ధరకు ఇస్తే గుడ్డ ఎక్కువ వచ్చిందని సంతోషపడతామా?

అందుకే ధరను తిన్నదానితో కాకుండా, అవసరమైనదానితో భాగించాలి. ఈ వ్యాసం మొత్తంలో గుర్తుంచుకోవలసిన మాట ఇదే. ఆ ఉదయానికి ఆయనకు 600 కిలోక్యాలరీలు చాలనుకుంటే, మిగతా 380 ఎన్ని తిన్నా విలువ కింద లెక్కకు రావు. అవి నిల్వ కింద పోతాయి, లేదా మధ్యాహ్నం ఆకలి కొంత తగ్గిస్తాయి. అప్పుడు హోటల్ టిఫిన్ ప్రతి 100 కిలోక్యాలరీలకు 33 రూపాయలవుతుంది.

మరి క్యాలరీల బదులు ప్రొటీన్‌ను కొలిస్తే? మన దేశపు ఉదయపు ప్లేటులో సాధారణంగా కొరత పడేది శక్తి కాదు, ప్రొటీన్, పీచు. 65 కిలోల పురుషుడికి రోజుకు 54 గ్రాముల ప్రొటీన్, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు సిఫార్సు. హోటల్‌లో అన్నీ కలిపి తిన్న ప్లేటులో ఒక్కో గ్రాము ప్రొటీన్‌కు 8 రూపాయల 30 పైసలు పడింది. బండి దగ్గర 6 రూపాయల 20 పైసలు.

ఇప్పుడు హోటల్ ప్లేటునే మార్చి చూద్దాం. బ్రెడ్, జామ్, వెన్న, టీ వదిలేసి, రెండు గుడ్లు, రెండు ఇడ్లీలు, అర కప్పు పోహా, గ్లాసు పాలు, ఒక అరటిపండు. శక్తి సుమారు 700కు దిగింది, ప్రొటీన్ 28 గ్రాములకు పెరిగింది. గ్రాముకు 7 రూపాయల 10 పైసలు. ఇప్పటికీ బండిదే పైచేయి, కానీ తేడా సగానికి పైగా తగ్గింది. తక్కువ తిని ఎక్కువ విలువ పొందిన ప్లేటు ఇది. ఒక్క రూపాయి అదనంగా పెట్టలేదు, ఎంచుకున్న తీరు మాత్రమే మారింది.

ఆకలి ఎంతసేపు ఆగుతుంది?

టిఫిన్ విలువలో మరో భాగం, అది మనల్ని ఎంతసేపు నిలబెడుతుందన్నది. కాంగేర్ లోయ అడవిలో, జలపాతాల దారిలో పది గంటలకే ఆకలేస్తే మళ్లీ ఏదో ఒకటి కొనాలి.

1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం దీన్ని కొలిచింది. 38 రకాల ఆహారాలను, ఒక్కొక్కటి సుమారు 240 కిలోక్యాలరీలు ఉండేలా తూచి ఇచ్చి, రెండు గంటలపాటు పావుగంటకోసారి ఆకలి ఎలా ఉందో నమోదు చేశారు. తెల్ల బ్రెడ్ ఇచ్చే తృప్తిని 100గా పెట్టుకుని మిగతావాటికి మార్కులు వేశారు. ఉడికించిన బంగాళాదుంపకు 323, ఓట్స్ జావకు 209, నారింజకు 202, గుడ్లకు 150, అరటిపండుకు 118 వచ్చాయి. కేకుకు 65, వెన్నతో చేసే క్రోసాన్ అనే రొట్టెకు 47 మాత్రమే. ఒక్కో ఆహారాన్ని రుచి చూసినవారు పదిపదిహేను మందికి మించరు కాబట్టి ఈ అంకెలను రాతి గీతలుగా తీసుకోకూడదు. అయినా దిశ స్పష్టంగా ఉంది. నీరు, పీచు, ప్రొటీన్ ఎక్కువగా ఉన్నవి ఆకలిని ఎక్కువసేపు ఆపుతాయి. కొవ్వు, చక్కెర, మైదా కలిసినవి క్యాలరీలిస్తాయి గానీ త్వరగా మళ్లీ ఆకలి పుట్టిస్తాయి.

దీన్ని మన లెక్కలోకి తెద్దాం. గుడ్లు, పాలు ఉన్న ప్లేటు తిన్నాయన మధ్యాహ్నం వరకు ఏమీ కొనకపోతే, దారిలో పెట్టాల్సిన 50 రూపాయల చిరుతిండి ఖర్చు తప్పింది. 200లోంచి 50 తీసేస్తే 150. గ్రాము ప్రొటీన్‌కు 5 రూపాయల 40 పైసలు. ఇప్పుడు హోటల్ బండిని దాటింది! బ్రెడ్, జామ్‌తో కడుపు నింపుకున్నవారికి ఈ లాభం దక్కే అవకాశం తక్కువ.

బఫే ముందు మనసు చేసే మాయ

ఇంతవరకు లెక్క. కానీ బఫే ముందు నిలబడినప్పుడు మనం లెక్కతో తినం. రెండు శక్తులు మన చేయి పట్టుకుని లాగుతాయి.

మొదటిది, "డబ్బులు పెట్టాం కదా" అన్న ఆలోచన. అర్థశాస్త్రంలో దీన్ని మునిగిపోయిన ఖర్చు అంటారు. ఒకసారి కట్టేసిన డబ్బు, తిన్నా తినకపోయినా తిరిగిరాదు. కాబట్టి అది ఇప్పుడు తీసుకునే నిర్ణయంలో లెక్కకు రాకూడదు. కానీ మనుషులు అలా ఉండరు. 1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ ప్రచురించిన ప్రయోగంలో ఒక విశ్వవిద్యాలయ నాటకశాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు అమ్మారు. ఎవరికి ఏ ధర అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. నాటకాలు అవే అయినా, సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవారే ఎక్కువ నాటకాలకు వచ్చారు. కట్టిన డబ్బు వారిని లాక్కొచ్చింది. బఫేలో మూడో పూరీ వేసుకునే చేయి వెనుక ఉండేదీ ఇలాంటి ఆలోచనే.

రెండోది, రకాల సంఖ్య. ఒకే వంటకం తింటూ పోతే దాని రుచి మీద ఇష్టం తగ్గుతుంది. కొత్త రుచి ఎదురైతే ఆకలి మళ్లీ లేచినట్టుంటుంది. పెళ్లి భోజనంలో కడుపు నిండిన తర్వాత కూడా జిలేబీకి చోటు దొరకడం ఇందుకే. 1981లో బార్బరా రోల్స్ బృందం ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే రకం శాండ్‌విచ్‌లు ఇచ్చినప్పటి కన్నా నాలుగు రకాల కూరలు పెట్టిన శాండ్‌విచ్‌లు ఇచ్చినప్పుడు మనుషులు మూడింట ఒక వంతు ఎక్కువ తిన్నారు. బఫేలో పన్నెండు గిన్నెలుంటే మన కడుపు కొలత మారదు, మన అంచనా మారుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. బఫేల మీద ఎన్నో ఆసక్తికరమైన "పరిశోధనలు" ప్రచారంలో ఉన్నాయి. వాటిలో కొన్ని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ వాన్సింక్ ప్రయోగశాల నుంచి వచ్చాయి. ఒక పిజ్జా బఫేలో సేకరించిన వివరాలతో రాసిన నాలుగు పత్రాల్లో దాదాపు 150 చోట్ల అంకెలకు పొంతన లేదని 2017లో ఇతర పరిశోధకులు చూపించారు. 2018లో ఆయన పత్రాలు ఆరింటిని జామా వైద్య పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. ఒక ఫలితం మన అనుభవానికి సరిపోయినట్టు అనిపించినంత మాత్రాన అది నిజమైపోదు. లెక్క సరిచూడాలి.

సమయం, పరిశుభ్రత: కనిపించని రెండు ధరలు

మన కుటుంబం బండికి వెళ్లి రావడానికి 45 నిమిషాలు పడుతుందనుకుందాం. ఆ రోజుకు పది గంటలకు 3,000 రూపాయలకు కారు మాట్లాడుకుని ఉంటే, గంట ఖరీదు 300, ముప్పావు గంట ఖరీదు 225. 430 తేడాలో ఇది తీసేస్తే మిగిలేది 205, తలకు 51 రూపాయలు. కూర్చుని తినే చోటు, చేతులు కడుక్కునే వసతి, మరుగుదొడ్డి, పిల్లవాడు తనకు నచ్చింది ఎంచుకునే వీలు, వీటన్నిటికీ కలిపి 51 రూపాయలు ఎక్కువేమీ కాదని చాలామందికి అనిపించవచ్చు.

అయితే సమయం రెండు వైపులా కోస్తుంది. చిత్రకోట్ జగదల్‌పూర్‌కు దాదాపు 40 కిలోమీటర్లు. ఉదయపు ఎండలో ఇంద్రావతి నీటి తుంపరలు చూడాలని ఆరున్నరకే బయలుదేరేవారికి, ఎనిమిదింటికి మొదలయ్యే హోటల్ టిఫిన్ పూర్తిగా నష్టం. అలాంటప్పుడు టిఫిన్ లేని గది తీసుకోవాలి, లేదా పొట్లం కట్టి ఇస్తారేమో ముందురోజు రాత్రే అడగాలి.

పరిశుభ్రత విషయంలో "హోటల్ అంటే శుభ్రం, బండి అంటే అపరిశుభ్రం" అనే సూత్రం పనికిరాదు. చూడాల్సింది వేడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం వండిన ఆహారాన్ని 60 డిగ్రీల సెల్సియస్ కంటే వేడిగా గానీ, 5 డిగ్రీల కంటే చల్లగా గానీ ఉంచాలి. మధ్యలో ఉంటే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మామూలు గది వేడిలో రెండు గంటలు మించి ఉంచకూడదు. ఈ కొలతతో చూస్తే, మన కళ్ల ముందే ఆవిరి పాత్రలోంచి తీసిన ఇడ్లీ, బఫేలో గోరువెచ్చగా మారిన పోహా కన్నా భద్రమైనది కావచ్చు. బండి దగ్గర అనుమానించాల్సింది ఇడ్లీని కాదు, నీళ్లను, పొద్దుటి నుంచి తెరిచి ఉన్న కొబ్బరి చట్నీని, ఒకే బకెట్‌లో ముంచి తీసే ప్లేట్లను. హోటల్‌లో అనుమానించాల్సింది ముందే కోసి పెట్టిన పండ్లను, కింద మంట ఆరిపోయిన గిన్నెలను.

దీన్నీ లెక్కలో పెట్టవచ్చు. కడుపు పాడైతే ఒక రోజు ప్రయాణం, మందులు కలిపి 5,000 రూపాయలు పోతాయనుకుందాం. ఒక చోట తింటే ఆ ప్రమాదం మరో చోటి కన్నా నూటికి ఒక వంతు ఎక్కువ ఉన్నా, అక్కడి టిఫిన్ ధరకు 50 రూపాయలు కలపాలి. చిన్న పిల్లలు, పెద్దవారు ఉంటే ఇంకా ఎక్కువే కలపాలి.

బస్తర్ గిన్నె: మండియా పేజ్

చాలా బఫేల్లో కనిపించనిది, బస్తర్ పల్లెల్లో ఉదయం నుంచి తాగేది ఒకటుంది. దాని పేరు మండియా పేజ్. మండియా అంటే రాగులు. ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు అనేవీ ఇవే. రాగిపిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియనిచ్చి, తెల్లవారి నూకలు ఉడుకుతున్న ఎసరులో పోసి జావగా కాస్తారు. ఎండాకాలం పొలానికి, అడవికి వెళ్లేవారు దాన్ని ఎండిన ఆనపబుర్రలో పోసుకుని తీసుకెళ్తారు. ఆ బుర్రను తుంబా అంటారు. మన అంబలి తెలిసినవారికి ఇది కొత్త రుచి కాదు.

దీని లెక్క చూద్దాం. ఒక పెద్ద గిన్నెకు 50 గ్రాముల రాగిపిండి, 25 గ్రాముల నూకలు అనుకుంటే సుమారు 250 కిలోక్యాలరీలు, 5 గ్రాముల పైచిలుకు ప్రొటీన్, 6 గ్రాముల పీచు వస్తాయి. అసలు బలం కాల్షియంలో ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో 8 మిల్లీగ్రాములు కూడా ఉండదు. మన గిన్నెలో దాదాపు 180 మిల్లీగ్రాములు, అంటే పెద్దవారి రోజు అవసరమైన 1,000లో అయిదో వంతుకు దగ్గర. పులియబెట్టడం కూడా వృథా పని కాదు. గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం ఇనుము, కాల్షియంలను పట్టి ఉంచుతుంది. నానబెట్టడం, పులియబెట్టడం వల్ల అది కొంత విరిగి, ఖనిజాలు ఒంటికి పట్టడం మెరుగవుతుంది.

ధర? 2025-26లో రాగులకు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. ఆ లెక్కన 50 గ్రాముల రాగుల ఖరీదు రెండున్నర రూపాయలు. నూకలు కలిపినా గిన్నెకు ముడిసరుకు నాలుగు రూపాయలు దాటదు. వంటచెరకు, మనిషి కష్టం, అద్దె కలిపి పది రెట్లకు అమ్మినా అది 40 రూపాయల గిన్నె.

అలాగని పేజ్‌ను అమృతం చేయకూడదు. ప్రొటీన్ తక్కువ. అది ఒక్కటే తాగితే మధ్యాహ్నం దాకా చాలకపోవచ్చు. పక్కన ఒక గుడ్డో, గుప్పెడు వేరుశనగలో ఉంటే సరిపోతుంది. బస్తర్ వారపు సంతల్లో ఆకు దొప్పల్లో పెట్టి అమ్మే ఎర్రచీమలతో, వాటి గుడ్లతో చేసే చాప్డా చట్నీని నంజుకుంటారు. చీమలలోని ఫార్మిక్ ఆమ్లం దానికి పులుపునిస్తుంది. కీటకాలు కూడా ప్రొటీన్ ఉన్న ఆహారమే. రొయ్యలు, పీతలు పడనివారు మాత్రం చీమల జోలికి పోకపోవడం మంచిది, రెండింటిలో అలర్జీ కలిగించే ప్రొటీన్లు దగ్గరి పోలిక ఉన్నవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్ మహిళల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి రక్తహీనత ఉంది. మంచి గింజ ఒక్కటే పోషణ కాదు, పప్పు, ఆకుకూర, గుడ్డు కూడా గిన్నె పక్కకు చేరాలని ఆ అంకె గుర్తుచేస్తుంది.

హోటల్‌లో "రాగి జావ దొరుకుతుందా?" అని అడగడానికి ఖర్చేమీ లేదు. నలుగురు అడిగితే ఐదో రోజు బఫేలో ఆ గిన్నె కనిపించవచ్చు. బ్రెడ్ బయటి నుంచి రావాలి, రాగులు పక్క ఊళ్లోనే పండుతాయి. ఆ గిన్నె వల్ల హోటల్‌కు ఖర్చు తగ్గుతుంది, రైతుకు కొనేవాడు దొరుకుతాడు.

అసలు టిఫిన్ మానేస్తే?

"ఉదయం తినకపోతే లావవుతారు" అన్న మాట వినే ఉంటారు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష 13 ప్రయోగాలను కలిపి చూసింది. టిఫిన్ తినేవారు రోజుకు సగటున 260 కిలోక్యాలరీలు ఎక్కువ తీసుకున్నారు, మానేసినవారి బరువు అర కిలోకు కొంచెం తక్కువ తేడాతో తగ్గింది. ఆ ప్రయోగాల్లో చాలావరకు కొద్ది వారాలే సాగాయి, నాణ్యత కూడా గొప్పది కాదని సమీక్షకులే రాశారు. కాబట్టి దీన్ని టిఫిన్ మానేయమనే సలహాగా తీసుకోకూడదు. ఆకలి లేని ఆరోగ్యవంతులు బలవంతంగా తినక్కర్లేదని మాత్రం అర్థం.

నాయనమ్మ సంగతి వేరు. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు వైద్యుడిని అడగకుండా పూట మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆమెకు కావలసింది సమయానికి తిండి. జామ్, పండ్ల రసం, తీపి టీ వదిలి, గుడ్డు, సాంబారు, కొద్దిగా ఇడ్లీ తీసుకోగలిగితే 200 రూపాయల బఫే ఆమెకు క్యాలరీ లెక్కలో నష్టమైనా, ఆరోగ్యం లెక్కలో లాభమే. బండి దగ్గర ఇడ్లీ, గుడ్డు రెండూ సమయానికి దొరికితే మళ్లీ బండిదే గెలుపు.

మీరే లెక్క వేయండి

ఈసారి ప్రయాణంలో ఒక కాగితం మీద ఈ ఆరు అంకెలు రాయండి.

1. టిఫిన్‌తో ఉన్న గది ధరలోంచి టిఫిన్ లేని గది ధర తీసివేయండి. నిజంగా తినేవారి సంఖ్యతో భాగించండి.

2. దగ్గర్లోని టిఫిన్ బండిలో మీ ఇంటివారు మామూలుగా తినేదానికి ఎంతవుతుందో కనుక్కోండి. రానుపోను ఖర్చు కలపండి.

3. ఆదా అయ్యే లేదా పోయే సమయానికి ధర కట్టండి. కారు అద్దెను గంటలతో భాగిస్తే చాలు.

4. ఎక్కడ వేడిగా, శుభ్రంగా ఉందో చూసి, అనుమానం ఉన్నచోట ప్రమాదం ఖరీదు కలపండి.

5. ఉదయం తిన్నది మధ్యాహ్నం దాకా ఆగితే, తప్పిన చిరుతిండి ఖర్చు తీసివేయండి.

6. మీకు ఆ పూట అవసరమైనంతనే లెక్కపెట్టండి. ఎక్కువ తిన్నది లాభం కింద రాయకండి.

మన ఉదాహరణలో సమాధానం ఇలా తేలింది. కారు మాట్లాడుకుని తొమ్మిదింటికి బయలుదేరే కుటుంబానికి, గుడ్లు, పాలు ఎంచుకుని తినగలిగితే, హోటల్ టిఫిన్ పెట్టిన డబ్బుకు దాదాపు సరిపోతుంది. పక్క వీధిలోనే ఆవిరి ఇడ్లీ దొరికితే, లేదా తెల్లవారుజామున బయలుదేరాలంటే, గది ఒక్కటే తీసుకోవడం మేలు. ఇద్దరు పెద్దలు, తక్కువ తినేవారు ఇద్దరు ఉంటే, ఇద్దరికే టిఫిన్ కట్టించుకునే వీలుందా అని అడగడం అన్నిటికన్నా మేలు.

బఫే దగ్గరికి వెళ్లాక ముందు ఖాళీ ప్లేటుతో ఒక చుట్టు తిరిగి అన్నీ చూడండి. ప్రొటీన్ ఉన్నది మొదట, పండు తర్వాత, మిగిలిన చోట్లో ఇష్టమైనది. డబ్బు బుకింగ్ నాడే కట్టేశారు. ప్లేటు ఎంత నింపినా అది తిరిగి రాదు, కాబట్టి ఆకలి తీరిన చోటే ఆపేయండి.